ఇంగ్లిష్ వచనం నడక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంగ్లిష్ వచనం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లయ మీదే ఉన్నాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఉదాహరణల్లో ఊనిక పడే అక్షరానికి ‘ఊ’, తేలిగ్గా జారిపోయే అక్షరానికి ‘తే’ అని గుర్తులు పెట్టాం. అక్షరం అంటే ఇక్కడ రాత కాదు, ఒక అచ్చును పట్టుకుని నోట్లోంచి వచ్చే ముక్క.

ప్రశ్న: లయ ఉంటే పద్యం, లేకపోతే వచనం అని చదువుకున్నాం. మరి ‘వచనంలో లయ’ అంటే ఏమిటి? — డిగ్రీ విద్యార్థి, కర్నూలు

పద్యంలో ఒక పాదం వినగానే తర్వాతి పాదం ఎలా నడుస్తుందో చెవికి తెలిసిపోతుంది. అనుకున్నట్టే అది వస్తుంది కూడా. వచనంలో అలా ముందే తెలిసిపోకూడదు. అలాగని ఊనికలు ఎక్కడ పడితే అక్కడ పడినా వాక్యం నిలబడదు. అరిస్టాటిల్ ‘రెటరిక్’ మూడో భాగంలో ఈ మాటే ఉంది: వచనానికి లయ కావాలి, ఛందస్సు వద్దు. నవలాకారుడు స్టీవెన్సన్ 1885లో శైలి మీద రాసిన వ్యాసంలో దీన్నే మరింత తెగేసి చెప్పాడు. వచనంలో లయ ఎంతైనా ఉండొచ్చు, అది పద్యం మాత్రం కాకూడదన్నాడు.

ఇంగ్లిష్‌లో ఈ లయ ఊనికతో తయారవుతుంది. నామవాచకాలు, క్రియలు, విశేషణాల్లో ఒక అక్షరం బలంగా పలుకుతుంది. ‘ద’, ‘ఆఫ్’, ‘అండ్’, ‘టు’ లాంటి చిన్న మాటలు వాటి మధ్య నలిగిపోతాయి. ఒక ఊనికకూ తర్వాతి ఊనికకూ మధ్య పట్టే కాలం ఇంగ్లిష్‌లో దాదాపు సమానమని భాషాశాస్త్రవేత్త కెనెత్ పైక్ 1945లో ప్రతిపాదించాడు. తర్వాత పరికరాలతో కొలిచి చూస్తే అంత సమానంగా లేదని తేలింది. అయినా వినేవారి చెవి మాత్రం ఊనికలనే లెక్కపెట్టుకుంటూ పోతుంది.

అందుకని వాక్యంలో మూడు చోట్ల చూడాలి. ఊనికకూ ఊనికకూ మధ్య ఎన్ని తేలిక అక్షరాలున్నాయి? ఒక ఊపిరిలో పలికే ముక్కలు ఎంతెంత పొడవున్నాయి? చివరి ఐదు నుంచి ఏడు అక్షరాలు ఎలా పడ్డాయి? మా దృష్టిలో ఈ మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. వాక్యం ఆగాక చెవిలో మిగిలేది దాని చివరే. ఇంగ్లిష్ వచనం వెయ్యేళ్లలో ఎలా మారిందో తెలుసుకోవడానికి కూడా వాక్యాల చివరలు చూడటమే దగ్గర దారి.

ప్రశ్న: అయ్యా, మన గురులఘువులతో ఇంగ్లిష్ వాక్యాన్ని గణవిభజన చేయబోతే లెక్క కుదరడం లేదు. లోపం ఎక్కడుంది? — విశ్రాంత తెలుగు అధ్యాపకులు, రాజమహేంద్రవరం

లోపం మీ లెక్కలో లేదండి. గురువు, లఘువు పలకడానికి పట్టే కాలాన్ని బట్టి ఏర్పడతాయి. ఇంగ్లిష్ ఊనిక కాలంతో పాటు గొంతు బలం, స్థాయి కలిసి ఏర్పడుతుంది. పైగా అది మాటలో చోటు మారుతూ ఉంటుంది. ‘ఫోటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద, ‘ఫొటాగ్రఫర్’లో రెండో దాని మీద, ‘ఫోటోగ్రాఫిక్’లో మూడో దాని మీద ఉంటుంది. ధాతువు ఒకటే, నడక మూడు రకాలు.

మీలాగే గణాలు కట్టి చూసినవారు ఇంగ్లండ్‌లోనూ ఉన్నారు. జాషువా స్టీల్ 1775లో మాట్లాడే ఇంగ్లిష్‌ను సంగీత స్వరలిపిలో, తాళం గీతలతో సహా రాసి చూపాడు. జార్జ్ సెయింట్స్‌బరీ 1912లో ఇంగ్లిష్ వచన లయ చరిత్రను పెద్ద గ్రంథంగా రాసి, పాత ఇంగ్లిష్ మొదలుకొని తన కాలం దాకా వాక్యాలను గ్రీకు, లాటిన్ గణాలుగా విడగొట్టాడు. ఒకే వాక్యాన్ని ఇద్దరు రెండు రకాలుగా విడగొట్టే వీలుంది కనుక ఆయన గణాల పేర్లన్నీ నిలబడవు. ఆయన తేల్చిన విషయం మాత్రం నిలిచింది: పద్యానికి ఆధారం ఒకే నడక మళ్లీ మళ్లీ రావడం, వచనానికి ఆధారం నడక మారుతూ ఉండటం.

మీరు గణాలు పక్కన పెట్టి ఇలా చేసి చూడండి. ఇరవై నుంచి ముప్పై మాటలున్న ఒక వాక్యం తీసుకోండి. అర్థం మోసే మాటల కింద మాత్రమే గీత గీయండి. ఒకటికి మించి అక్షరాలున్న ప్రతి మాటనూ నిఘంటువులో చూడండి. ఊనిక పడే అక్షరానికి ముందు పైభాగాన చిన్న నిలువు గీత ఉంటుంది, అదే గుర్తు. కింది భాగాన గీత ఉంటే అది రెండో స్థాయి ఊనిక, మొదట్లో దాన్ని వదిలేయండి. తర్వాత ఊపిరి ఆగే చోట్ల అడ్డగీతలు పెట్టండి. ఊనికల మధ్య తేలిక అక్షరాలను లెక్కపెట్టి ఆ అంకెలు వరసగా రాయండి. ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి అని వస్తుంటే వాక్యం పద్యంలోకి జారుతున్నట్టు. నాలుగైదు వరసగా వస్తుంటే వాక్యం నీరసపడినట్టు. సున్నా వచ్చిన చోట, అంటే రెండు ఊనికలు పక్కపక్కన పడిన చోట, వేగం తగ్గుతుంది. మంచి రచయితలు దాన్ని కావాలనే వాడతారు.

తెలుగువారికి ఈ లెక్క తప్పడానికి ఒక కారణం ఉంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఆ అలవాటుతో ‘హెల్ప్’ను ‘హెల్పు’ అనీ, ‘డిఫెండ్’ను ‘డిఫెండు’ అనీ పలికితే ప్రతి మాటకూ ఒక అక్షరం ఎక్కువవుతుంది. రెండో కారణం, చిన్న మాటలను కూడా మనం నిండుగా పలకడం. ‘అండ్’ అన్నది వాక్యం మధ్యలో ఎక్కువసార్లు ‘అన్’ అనో, ఉత్త ‘న్’ అనో మిగులుతుంది. ఈ రెండూ సరిచేసుకుని చదివితే అంకెలు వాటంతటవే కుదురుతాయి.

ప్రశ్న: మా సిలబస్‌లో ఇంగ్లిష్ వచనం బేకన్‌తో మొదలవుతుంది. అంతకు ముందు లయ ఉన్న వచనం లేదా? — ఎం.ఎ. విద్యార్థిని, వరంగల్

ఆరు వందల ఏళ్ల ముందే ఉంది. పదో శతాబ్దం చివర ఎల్‌ఫ్రిక్ అనే సన్యాసి పరిశుద్ధుల చరిత్రలు రాశాడు. వాటిలో వాక్యం రెండేసి ఊనికల ముక్కలుగా సాగుతుంది. పక్కపక్కనున్న రెండు ముక్కల్ని ఒకే హల్లు కలుపుతుంది. ఆ కాలపు పద్యపద్ధతికి ఇది ఎంత దగ్గరంటే, పందొమ్మిదో శతాబ్దంలో ఆ పుస్తకాన్ని పరిష్కరించిన స్కీట్ దాన్ని పద్యపాదాల్లాగే అచ్చువేశాడు. అయినా అది వచనమే. పద్యంలో వచ్చే కవితా పదజాలం అందులో లేదు, నియమాలూ సడలి ఉన్నాయి.

యార్క్ ఆర్చిబిషప్ వుల్ఫ్‌స్టన్ 1014 నాటి ప్రసంగంలో ఇంకా దూకుడుగా రాశాడు. డెన్మార్క్ నుంచి వచ్చిన డేన్ల దాడుల్లో దేశం నలిగిపోతున్న రోజులవి. జనం పాపాల పట్టిక చదువుతూ ‘స్టలు అండ్ క్వలు’, ‘హోల్ అండ్ హెటె’ అని జంటలు జంటలుగా విసురుతాడు. దొంగతనం, హత్య, నింద, ద్వేషం అని అర్థం. జంటకు రెండు దెబ్బలు. ఒక జంటను అంత్యప్రాస కలిపితే ఇంకో జంటను మొదటి హల్లు కలుపుతుంది. చదువు రాని జనం నిలబడి వినే ప్రసంగం కాబట్టి మాట గుర్తుండాలంటే అలాగే ఉండాలి.

ఇంగ్లిష్ వచన లయకు రెండో ఊట లాటిన్. మధ్యయుగాల్లో పోపు కార్యాలయం నుంచి వెళ్లే లేఖల్లో వాక్యం ఎలా ముగియాలో నియమాలుండేవి. ముఖ్యమైన ముగింపులు మూడు. ప్లేనస్ అంటే ఊ-తే-తే-ఊ-తే. టార్డస్ అంటే ఊ-తే-తే-ఊ-తే-తే. వెలాక్స్ అంటే ఊ-తే-తే-తే-తే-ఊ-తే. థామస్ క్రాన్మర్ 1549లో ఇంగ్లిష్ చర్చికి ప్రార్థనల పుస్తకం కూర్చినప్పుడు లాటిన్ ప్రార్థనలు ఆయన ముందున్నాయి. ఇంగ్లిష్‌లో వాక్యాలు ఎలా ముగిశాయో చూడండి. ‘హెల్ప్ అండ్ డిఫెండ్ అస్’ అక్షరాలా ప్లేనస్. ‘గవర్న్‌డ్ అండ్ శాంక్టిఫైడ్’ టార్డస్. ‘పనిష్డ్ ఫర్ అవర్ అఫెన్సెస్’ వెలాక్స్. ఇది కావాలని చేశాడా, లాటిన్‌లో నానిన చెవికి అలవాటుగా వచ్చిందా అన్న విషయంలో పండితులు ఒక మాట మీద లేరు. ఇంగ్లిష్‌లో ఒంటి అక్షరపు మాటలెక్కువ కనుక చాలా వాక్యాలు ఊనిక మీదే ఠక్కున ఆగుతాయి కూడా. అయినా ప్రతి ఆదివారం దేశమంతా గొంతెత్తి పలికిన వాక్యాలివి. తర్వాతి మూడు వందల ఏళ్ల రచయితల చెవులు వీటితోనే తయారయ్యాయి.

ఆ పుస్తకం 1552 కూర్పులో చేరిన జంట మాటలను కూడా గమనించండి. ‘ఎక్‌నాలెడ్జ్ అండ్ కన్ఫెస్’, ‘డివైసెస్ అండ్ డిజైర్స్’. ఒకే అర్థాన్ని రెండుసార్లు చెప్పడం దండగ అనిపిస్తుంది. కానీ గుంపు అంతా కలిసి పలికేటప్పుడు వెనకబడినవారు అందుకోవడానికి ఆ రెండో మాట చోటిస్తుంది.

ప్రశ్న: ఇంగ్లిష్ బైబిల్లో వాక్యం తర్వాత వాక్యం ‘అండ్’తో మొదలవుతుంది. స్కూల్లో అలా రాస్తే మా మాస్టారు కొట్టేసేవారు. అది లోపం కాదా? — ఒక పాఠకురాలు, గుంటూరు

లోపం కాదమ్మా, హీబ్రూ నడక. హీబ్రూ కథనంలో వాక్యాలు ఒకే చిన్న సంధాయకంతో ఒకదాని వెంట ఒకటి నిలబడతాయి. ‘ఎందుకంటే’, ‘అయినప్పటికీ’ అని ఒకదాన్ని ఇంకోదాని కింద కట్టవు. విలియం టిండేల్ 1526లో కొత్త నిబంధన, 1530లో మోషే అయిదు పుస్తకాలు అచ్చు వేసినప్పుడు మామూలు జనం మాట్లాడే చిన్న చిన్న మాటలతో ఈ నడకను ఇంగ్లిష్‌లోకి దింపాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం చాలా చోట్ల ఆయన వాక్యాలనే నిలబెట్టుకుంది.

హీబ్రూ కవిత్వంలో ఇంకో పద్ధతి ఉంది. మొదటి సగంలో చెప్పినదాన్ని రెండో సగం వేరే మాటల్లో చెబుతుంది. రాబర్ట్ లౌత్ 1753లో అచ్చయిన ఉపన్యాసాల్లో దీన్ని వివరించి ‘పారలలిజం’ అన్న పేరును నిలిపాడు. పందొమ్మిదో కీర్తన తీసుకోండి: ‘ద హెవెన్స్ డిక్లేర్ ద గ్లోరీ ఆఫ్ గాడ్, అండ్ ద ఫర్మమెంట్ షోయెత్ హిజ్ హ్యాండీవర్క్.’ ఆకాశానికి ఆకాశం, చాటడానికి చూపడం, మహిమకు చేతిపని జతపడ్డాయి. ఊనికలు మొదటి సగంలో నాలుగు, రెండో సగంలో మూడు. అర్థం జతపడుతోంది కాబట్టి ఊనికలు సమానంగా లేకపోయినా చెవి ఒప్పుకుంటుంది. అనువాదంలో ఛందస్సు పోతుంది కానీ ఈ రకం లయ పోదు. బైబిల్ ఏ భాషలోకి వెళ్లినా లయ మిగిలి ఉండటానికి ఇదే కారణం.

ఇంకో సంగతి చెప్పాలి. కింగ్ జేమ్స్ అనువాదకులు ఎలా పనిచేశారో ఆ కాలపు పండితుడు జాన్ సెల్డెన్ చెప్పిన మాట మిగిలింది. ఒకరు అనువాదాన్ని పైకి చదువుతుంటే మిగతావారు రకరకాల భాషల బైబిళ్లు చేత పట్టుకుని వినేవారు. తప్పు తోస్తే ఆపేవారు, లేకపోతే చదువు సాగేది. కంటితో కాక చెవితో దిద్దిన వచనం అది.

ప్రశ్న: బేకన్, థామస్ బ్రౌన్ దాదాపు ఒకే కాలం వాళ్లు. ఒకరిది తుంచినట్టు ఉంటుంది, ఇంకొకరిది ఓంకారంలా సాగుతుంది. ఎందుకు? — ఇంగ్లిష్ లెక్చరర్, అనంతపురం

ఇద్దరూ ఒకే శైలి నుంచి పక్కకు తప్పుకున్నారు. 1578లో జాన్ లిలీ ‘యూఫ్యూస్’ వచ్చింది. సమానమైన ముక్కలు, ఎదురెదురు అర్థాలు, ముక్క ముక్కకూ అనుప్రాస. కొన్నేళ్లు కులీనులంతా అలాగే మాట్లాడటానికి పోటీపడ్డారు. షేక్‌స్పియర్ ‘నాలుగో హెన్రీ’ మొదటి భాగంలో ఫాల్‌స్టాఫ్ చేత దాన్ని అనుకరింపజేశాడు. చామంతి జాతి మొక్కను ‘ద మోర్ ఇట్ ఈజ్ ట్రాడెన్ ఆన్, ద ఫాస్టర్ ఇట్ గ్రోస్’ అంటూనే యవ్వనాన్ని ‘ద మోర్ ఇట్ ఈజ్ వేస్టెడ్, ద సూనర్ ఇట్ వేర్స్’ అంటాడు. అక్షరాలు 7+5, 6+5. ఊనికలు నాలుగుకు నాలుగు. ఇలాంటివి పది వరసగా వింటే పదకొండోది రాకముందే తెలిసిపోతుంది. లిలీ శైలి అందుకే త్వరగా పాతబడింది.

బేకన్ సమానతను పూర్తిగా వదల్లేదు, దాచిపెట్టాడు. 1597 నాటి చదువుల వ్యాసంలోని వాక్యం: ‘రీడింగ్ మేకెత్ ఎ ఫుల్ మ్యాన్, కాన్ఫరెన్స్ ఎ రెడీ మ్యాన్, అండ్ రైటింగ్ ఏన్ ఎగ్జాక్ట్ మ్యాన్.’ లెక్కపెట్టండి, ముక్కకు ఏడేసి అక్షరాలు. కానీ మొదటి ముక్కలో ఊనికలు నాలుగు, తర్వాతి రెండింట్లో మూడేసి, అవీ ఒకేచోట పడవు. క్రియ మొదటి ముక్కలోనే ఉంది, తర్వాత మాయమైంది. కొలత ఒకటే అయినా నడక మూడుసార్లు మారింది. ఈ ఒక్క వాక్యాన్ని విద్యార్థుల చేత గుర్తులు పెట్టిస్తే వచన లయ గురించి వేరే పాఠం అక్కర్లేదు.

బ్రౌన్ దారి వేరు. 1658లో వచ్చిన ‘అర్న్ బరియల్’లో: ‘ది ఇనిక్విటీ ఆఫ్ అబ్లివియన్ బ్లైండ్లీ స్కాటరెత్ హర్ పాపీ.’ మరుపు గుడ్డిగా తన గసగసాలు వెదజల్లుతుందని భావం. ఊనికల మధ్య తేలిక అక్షరాలు వరసగా 4, 2, 1, 3. మొదట పొడవాటి లాటిన్ మాటలు దొర్లుతూ వస్తాయి. ‘బ్లైండ్లీ స్కాటరెత్’ దగ్గర ఊనికలు దగ్గరపడి బిగుస్తాయి. చివర రెండక్షరాల ఇంటి మాట ‘పాపీ’ మీద వాక్యం మెత్తగా దిగుతుంది. లాటిన్ మాటల పొడవునూ సాక్సన్ (పాత ఇంగ్లిష్ నుంచి వచ్చిన) మాటల పొట్టితనాన్నీ ఇంత తెలిసి కలిపినవారు ఇంగ్లిష్‌లో అరుదు.

ఈ వైభవానికి అడ్డుకట్ట వేసినది 1660లో పుట్టిన రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం. సభ్యులు అలంకారాలు మాని, గణితంలోలా సూటిగా, చేతివృత్తులవారి మాటకు దగ్గరగా రాయాలని కోరుకుంటారని థామస్ స్ప్రాట్ 1667లో రాశాడు. డ్రైడెన్ ముందుమాటలు, 1711లో మొదలైన ‘స్పెక్టేటర్’ పత్రిక ఆ దారినే పెద్దమనుషుల సంభాషణలా తీర్చాయి. వాక్యం ఒక ఊపిరికి సరిపోయేలా తగ్గింది.

ప్రశ్న: డాక్టర్ జాన్సన్ వాక్యాలు బండరాళ్లలా ఉంటాయంటారు. ఇప్పుడు వాటినుంచి నేర్చుకోవడానికి ఏముంది? — బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

చాలా ఉంది. 1750 నుంచి 1752 దాకా వారానికి రెండేసి చొప్పున ‘రాంబ్లర్’ పేర ఆయన నడిపిన 208 సంచికల్లో బరువైన వాక్యాలున్న మాట నిజమే. కానీ ఆయన చెవి ఎంత పదునైనదో తెలియాలంటే 1755 ఫిబ్రవరి 7న లార్డ్ చెస్టర్‌ఫీల్డ్‌కు రాసిన ఉత్తరం చదవండి. జాన్సన్ ఇంగ్లిష్ నిఘంటువు పని మొదలైనప్పుడు పట్టించుకోని ప్రభువు, అది అచ్చుకు సిద్ధమయ్యాక పత్రికలో పొగిడాడు. దానికి జాన్సన్ జవాబు: ఆ ఆదరణ ముందే వచ్చి ఉంటే దయ అయ్యేది, కానీ ఆలస్యమైంది, ‘టిల్ ఐ యామ్ ఇండిఫరెంట్, అండ్ కెనాట్ ఎంజాయ్ ఇట్, టిల్ ఐ యామ్ సాలిటరీ, అండ్ కెనాట్ ఇంపార్ట్ ఇట్, టిల్ ఐ యామ్ నోన్, అండ్ డు నాట్ వాంట్ ఇట్.’

మొదటి ముక్క 7+6 అక్షరాలు, రెండోది 7+6, మూడోది 4+5. మూడు ముక్కల వాక్యంలో చివరిది పొడవుగా ఉండాలని పాత అలంకార శాస్త్రం చెబుతుంది. జాన్సన్ తిరగేశాడు. రెండుసార్లు చెవిని అలవాటు చేసి మూడోసారి సగంలో కోసేశాడు. తలుపు వేసినట్టు ఆగుతుంది. చివరలు కూడా చూడండి. ‘కెనాట్ ఎంజాయ్ ఇట్’ ఊ-తే-తే-ఊ-తే. ‘కెనాట్ ఇంపార్ట్ ఇట్’ మళ్లీ అదే. పైన చెప్పిన ప్లేనస్ ఆకారమే ఇది. ‘డు నాట్ వాంట్ ఇట్’ దగ్గర ఒక తేలిక అక్షరం తగ్గింది, మాటలన్నీ ఒంటి అక్షరాలైపోయాయి. కోపం ఎక్కడా పేరెత్తలేదు, నడకలో ఉంది. భార్య ఎలిజబెత్ 1752లో పోయింది. ‘సాలిటరీ’ అన్న మాట వెనుక ఆ సంగతి ఉంది కనుకనే రెండో ముక్క మొదటిదానికి తోక కాలేదు.

జాన్సన్‌ను అనుకరించినవారు దెబ్బతిన్నది ఇక్కడే. జంటలు, మూడేసి ముక్కలు పట్టుకున్నారు, ప్రతి ముక్కలో కొత్త అర్థం పెట్టలేదు. పరీక్ష సులువు: ఒక ముక్క తీసేసి చదవండి. అర్థంలో ఏమీ తగ్గకపోతే ఆ ముక్క లయ కోసం పెట్టిన బొమ్మ.

చరిత్రకారుడు గిబ్బన్ గురించి కూడా రెండు మాటలు. తండ్రి వద్దన్నందుకు ప్రేమను వదులుకున్న సంగతి ఆత్మకథలో ‘ఐ సైడ్ యాజ్ ఎ లవర్, ఐ ఒబేడ్ యాజ్ ఎ సన్’ అని రాశాడు. ఆరుకు ఆరు అక్షరాలు. మొదటి సగం తేలిక అక్షరం మీద జారుతుంది, రెండో సగం ఊనిక మీద ఆగుతుంది. రెండు సగాలనూ తారుమారు చేసి చదవండి, వాక్యం జారిపోయి తండ్రి మాట నెగ్గినట్టు అనిపించదు. ఆయన పద్ధతి కూడా నేర్చుకోదగ్గదే. పేరా మొత్తం మనసులో పోతపోసి, చెవితో పరీక్షించి, జ్ఞాపకంలో ఉంచుకుని, మెరుగు పూర్తయ్యాకే కలం కదిపేవాడట. రోమన్ చరిత్ర మొదటి అధ్యాయం మూడుసార్లు, రెండు, మూడు అధ్యాయాలు రెండేసిసార్లు రాశానని తానే చెప్పుకున్నాడు.

ప్రశ్న: డికెన్స్ వచనం కొన్నిచోట్ల పద్యంలా వినిపిస్తుంది. అది గొప్పా, లోపమా? — ఒక పాఠకుడు, హైదరాబాద్

చాలా చోట్ల లోపమే. ‘ఓల్డ్ క్యూరియాసిటీ షాప్’లో నెల్ చనిపోయిన దగ్గర ‘వెన్ డెత్ స్ట్రైక్స్ డౌన్ ది ఇన్నొసెంట్ అండ్ యంగ్’ అన్నది పది అక్షరాలు, తే-ఊ అయిదుసార్లు. షేక్‌స్పియర్ నాటకాల పాదం అచ్చంగా ఇదే. ఆ తర్వాత కూడా అదే తాళం సాగుతుంది. 1844లో విమర్శకుడు ఆర్.హెచ్. హార్న్ ఇలాంటి చోట్లను పాదాలుగా విడగొట్టి చూపించాడు. భావావేశం ఎక్కువైనప్పుడు తెలియకుండానే అలా వచ్చేస్తుందని డికెన్స్ ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. చిక్కేమిటంటే, తాళం పడగానే పాఠకుడు దాని కోసమే ఎదురుచూస్తాడు. ఎదుట చనిపోయిన పిల్ల ఉన్నా చెవి తాళం మీదే ఉంటుంది.

ప్రశ్న: ఇప్పుడు అందరూ చిన్న వాక్యాలు రాయమంటున్నారు. చిన్న వాక్యాలతో లయ వస్తుందా? — జర్నలిజం విద్యార్థి, విశాఖపట్నం

హెమింగ్వేను ఆదర్శంగా చూపి ఈ సలహా ఇస్తుంటారు. ఆయన ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ (1929) మొదటి పేరా చూడండి. నాలుగే వాక్యాలు, 126 మాటలు. అంటే సగటున వాక్యానికి ముప్పైకి పైగా. చిన్నవి వాక్యాలు కావు, మాటలు. అమెరికన్ రచయిత్రి జోన్ డిడియన్ వాటిని లెక్కపెట్టింది: 103 ఒంటి అక్షరపు మాటలు, 22 రెండక్షరాలవి, మూడక్షరాలది ఒకే ఒక్కటి. ‘ద’ 24 సార్లు, ‘అండ్’ 15 సార్లు, కామాలు నాలుగే. ఆ ‘అండ్’ నడక పైన గుంటూరు పాఠకురాలు అడిగినదే. 1926 నాటి ఆయన నవల ‘ద సన్ ఆల్సో రైజెస్’ పేరు కూడా ప్రసంగి గ్రంథంలోదే.

అన్నీ చిన్న వాక్యాలే అయితే ప్రతి ఆరు మాటలకూ ఒక పూర్తి విరామం పడి చదువు కుంటుతుంది. నవలాకారిణి వర్జీనియా వుల్ఫ్ 1926లో స్నేహితురాలు విటా సాక్‌విల్-వెస్ట్‌కు రాసిన ఉత్తరంలో, శైలి అంటే లయే, అది దొరికితే తప్పు మాట పడనే పడదని రాసింది. వాక్యం పొడవు ఆ లయను బట్టి వస్తుంది, నియమాన్ని బట్టి కాదు.

ప్రశ్న: తెలుగు కథలను ఇంగ్లిష్‌లోకి అనువదిస్తుంటాను. వ్యాకరణం బాగానే ఉంది, వాక్యాలు మాత్రం చివరకు వచ్చేసరికి చప్పబడుతున్నాయని సంపాదకులు అంటున్నారు. ఏం చేయాలి? — అనువాదకురాలు, బెంగళూరు

తెలుగులో క్రియ చివరకు వస్తుంది. అందుకని వాక్యం ఎంత సాగినా చివర గట్టిగా నిలుస్తుంది. ఇంగ్లిష్‌లో క్రియ ముందే వచ్చేస్తుంది కనుక ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ద్వారా అన్నవన్నీ తోకలా మిగులుతాయి. మీ చిక్కు బహుశా ఇదే. ఒక వాక్యం చూడండి: ‘షీ సోల్డ్ ద లాండ్ హర్ ఫాదర్ లెఫ్ట్ హర్ ఇన్ మార్చ్ త్రూ ఏన్ ఏజెంట్.’ నాన్న ఇచ్చిన పొలం అమ్ముకోవడం ఇందులో ముఖ్యం, వాక్యమేమో ఏజెంటు మీద ముగిసింది. పైగా మార్చిలో జరిగింది అమ్మకమో, తండ్రి పోవడమో తెలియడం లేదు.

సమాచారాన్ని ముందుకు జరపండి: ‘ఇన్ మార్చ్, త్రూ ఏన్ ఏజెంట్, షీ సోల్డ్ ద లాండ్ హర్ ఫాదర్ లెఫ్ట్ హర్.’ అర్థం తేటపడింది. కానీ ‘షీ సోల్డ్’ నుంచి గుర్తులు పెడితే తే-ఊ, తే-ఊ, తే-ఊ, తే-ఊ, తే అని వస్తుంది. డికెన్స్ తాళమే. ఒక్క చిన్న మాట చేర్చండి: ‘షీ సోల్డ్ ద లాండ్ హర్ ఫాదర్ హ్యాడ్ లెఫ్ట్ హర్.’ ఆ ‘హ్యాడ్’తో తాళం విరిగింది, కాలక్రమం సరిపడింది. చివరి అయిదు అక్షరాలు, ‘ఫాదర్ హ్యాడ్ లెఫ్ట్ హర్’, ఊ-తే-తే-ఊ-తే అయ్యాయి. క్రాన్మర్ ప్రార్థనల ముగింపు అదే కదా.

మొదటి ప్రతిలో ఇవేవీ పట్టించుకోకండి, అర్థం దారి తప్పుతుంది. చివరి ప్రతిలో ఒక్కో పేరా పైకి చదువుతూ మూడు చూడండి. వాక్యం చివరి మాట అర్థం మోసేదేనా, లేక ‘ఆల్సో’, ‘ఓన్లీ’, ‘దేర్’ లాంటిదా? వరసగా మూడు వాక్యాలు ఒకే పొడవున్నాయా? ఊనికల మధ్య నాలుగుకు మించి తేలిక అక్షరాలు పోగుపడ్డ చోటు ఉందా? అలాంటి చోట సాధారణంగా ‘ఆఫ్’లు, ‘-షన్’తో ముగిసే నామవాచకాలు గుంపుగా ఉంటాయి. ఒక నామవాచకాన్ని క్రియగా మారిస్తే గుంపు విడిపోతుంది. సంభాషణలకు మాత్రం ఈ కొలతలు పెట్టకండి. పాత్రలు తడబడాలి, సగంలో ఆగాలి. కథకుడి వాక్యం పక్కన వాళ్ల మాట తేడాగా వినిపించాలి.